అటు 22 సెకన్లు, ఇటు 22 సెకన్లు: 2024లో రెడ్ బుల్‌కు ఏమైంది?

2024 మార్చి 2న బహ్రెయిన్‌లో ఫార్ములా వన్ సీజన్ మొదలైంది. రెడ్ బుల్ డ్రైవర్ మాక్స్ వెర్‌స్టాపెన్ ముగింపు గీత దాటాక రెండో కారు రావడానికి 22.457 సెకన్లు పట్టింది. ఆ రెండో కారు కూడా రెడ్ బుల్‌దే. అదే ఏడాది ఆగస్టు 25న నెదర్లాండ్స్‌లోని జాండ్‌వోర్ట్‌లో రేసు జరిగింది. వెర్‌స్టాపెన్ సొంతగడ్డ అది. అంతకు ముందు మూడేళ్లూ వరసగా తనే గెలిచిన ట్రాక్. ఈసారి అతను రెండో స్థానంలో వచ్చాడు. ముందు వెళ్లిన మెక్‌లారెన్ డ్రైవర్ లాండో నోరిస్‌కూ అతనికీ మధ్య ఉన్న ఎడం 22.896 సెకన్లు.

ఆరు నెలలు నిండకుండానే తక్కెడ పూర్తిగా అటు ఒరిగిపోయింది. డ్రైవర్ మారలేదు, ఇంజిన్ మారలేదు, జట్టు కార్యాలయం ఇంగ్లండ్‌లోని మిల్టన్ కీన్స్ నుంచి కదలలేదు. పైగా ఇది అల్లాటప్పా జట్టు కాదు. 2023లో 22 రేసులు జరిగితే 21 గెలిచింది. అందులో 19 వెర్‌స్టాపెన్ ఒక్కడివే. అలాంటి జట్టు 2024 జూన్ 23న స్పెయిన్‌లో గెలిచాక, నవంబరు 3న బ్రెజిల్‌లో వాన పడే దాకా మళ్లీ గెలవలేదు. మధ్యలో పది రేసులు వట్టిపోయాయి. ఇంతటి జట్టు హఠాత్తుగా ఎలా పడిపోయింది?

పది రేసులంటే పుకార్లు పుట్టి, పెరిగి, పెళ్లి చేసుకోవడానికి కూడా సరిపోయే కాలం. రహస్య బ్రేకు పరికరాన్ని తీసేయించారన్నారు. మహా డిజైనర్ వెళ్లిపోయాడన్నారు. ప్రత్యర్థుల కార్ల రెక్కలు వంగుతున్నాయన్నారు, వేడెక్కకుండా టైర్లలో నీళ్లు పోస్తున్నారన్నారు. ఒక్కొక్కటీ వింటే నిజమేననిపిస్తుంది. నేను కూడా ఆ రోజుల్లో బ్రేకుల కథను కొంతకాలం నమ్మాను. తేదీలు వరసగా కాగితం మీద రాసుకున్నాకే అది అతకదని తెలిసింది.

ముందు ఆ పతనం ఎంతటిదో చూద్దాం. అయిదో రేసు చైనాలో ముగిసేసరికి జట్ల పట్టికలో (ఇందులో జట్టు డ్రైవర్లిద్దరి పాయింట్లూ కలుస్తాయి) రెడ్ బుల్‌కు 195 పాయింట్లు, మెక్‌లారెన్‌కు 96. అంటే 99 పాయింట్ల ఆధిక్యం. సెప్టెంబరు 15న బాకూలో పదిహేడో రేసు ముగిసేసరికి మెక్‌లారెన్ ముందుకు వెళ్లిపోయింది. సీజన్ చివరికి మెక్‌లారెన్ 666, ఫెరారీ 652, రెడ్ బుల్ 589. మెక్‌లారెన్‌కు 1998 తర్వాత మళ్లీ దక్కిన జట్టు టైటిల్ అది. అయినా డ్రైవర్ల టైటిల్ మాత్రం వెర్‌స్టాపెన్‌కే దక్కింది. తొమ్మిది విజయాలు, 437 పాయింట్లతో నోరిస్‌ను 63 పాయింట్ల తేడాతో దాటాడు. ఒకే కారు ఒక మనిషిని ప్రపంచ విజేతను చేసింది, ఆ కారును తయారుచేసిన జట్టును మూడో స్థానానికి దించింది. సరైన జవాబు ఏదైనా ఈ రెండింటికీ కలిపి సంజాయిషీ ఇవ్వాలి.

ఫార్ములా వన్ అభిమానులు ఇంత సులభంగా మోసాన్ని ఎందుకు అనుమానిస్తారంటే దానికి 2019 ఫెరారీ ఉదంతం కారణం. ఆ ఏడాది వేసవి విరామం తర్వాత ఫెరారీ కార్లు వరసగా ఆరు రేసుల్లో మొదటి స్థానం నుంచి బయలుదేరాయి. నేరుగా సాగే దారుల్లో వాటి వేగం ఎవరికీ అంతుపట్టలేదు. ఇంజిన్‌లోకి గంటకు 100 కిలోలకు మించి ఇంధనం పోకూడదన్నది అప్పటి నియమం. దాన్ని కొలిచే సెన్సార్‌ను ఏమార్చవచ్చా అని రెడ్ బుల్ సంస్థే నియంత్రణ మండలి ఎఫ్‌ఐఏను అడిగింది. అలా చేయడం చెల్లదని అమెరికా రేసు జరిగే వారాంతంలో ఎఫ్‌ఐఏ స్పష్టం చేసింది. ఆ రేసులో ఫెరారీ చార్లెస్ లెక్లేర్ నాలుగో స్థానంలో, గెలిచినవాడికి 50 సెకన్లకు పైగా వెనక వచ్చాడు. మోసం ఆపేస్తే ఇలాగే ఉంటుందని డచ్ టీవీతో అన్నవాడు మరెవరో కాదు, వెర్‌స్టాపెనే. 2020 ఫిబ్రవరిలో ఫెరారీతో రాజీ కుదిరిందని ప్రకటించిన ఎఫ్‌ఐఏ, వివరాలు మాత్రం బయటపెట్టలేదు. ఆ ఏడాది ఫెరారీ ఆరో స్థానానికి జారింది. తప్పు జరిగిందని అధికారికంగా ఎవరూ తేల్చలేదు. కానీ ‘వేగం హఠాత్తుగా పోయిందంటే ఎక్కడో ఒక తంత్రం దొరికిపోయింది’ అనే సూత్రం మాత్రం అభిమానుల మనసులో స్థిరపడిపోయింది. అయిదేళ్లు తిరగకుండానే అది వెర్‌స్టాపెన్ ఇంటి తలుపే తట్టింది.

ఈసారి ఆ తంత్రం పేరు అసమాన బ్రేకింగ్. పొలం దున్నే ట్రాక్టర్ ఎక్కినవాళ్లకు ఇది చెప్పనక్కరలేదు. ట్రాక్టర్‌కు కుడివైపు వెనక చక్రానికి ఒక బ్రేకు, ఎడమవైపుకు ఒక బ్రేకు విడివిడిగా ఉంటాయి. గట్టు దగ్గర మలుపు తిప్పాలంటే లోపలి వైపు బ్రేకు ఒక్కటే తొక్కుతారు. ఆ చక్రం ఆగుతుంది, బండి దాని చుట్టూ గిర్రున తిరుగుతుంది. రోడ్డెక్కేటప్పుడు రెండు పెడళ్లనూ కలిపి కొక్కెం పెట్టేస్తారు. రేసు కారులోనూ మలుపులో లోపలి వెనక చక్రాన్ని కాస్త ఎక్కువగా పట్టి ఉంచగలిగితే ముక్కు లోపలికి సులభంగా తిరుగుతుంది. డ్రైవర్‌కు ఇది వరం.

ఇదేమీ కొత్త ఆలోచన కాదు. 1997లో మెక్‌లారెన్ కార్లలో ఇలాంటి అదనపు పెడల్ ఉండేది. మలుపుల మధ్యలో వెనక బ్రేకులు ఎర్రగా కాలడం ఫొటోగ్రాఫర్ డారెన్ హీత్ గమనించాడు. నూర్‌బర్గ్‌రింగ్‌లో ఆ జట్టు కార్లు రెండూ ఆగిపోయినప్పుడు కాళ్లు పెట్టే చోటికి కెమెరా దించి ఫొటో తీశాడు. గుట్టు రట్టయింది. 1998 ఆరంభంలో ఆ పరికరాన్ని నిషేధించారు.

2024 వేసవి విరామంలో ఎఫ్‌ఐఏ నియమావళిలో ఒక వాక్యం చేరింది. ఒకే ఇరుసు మీది రెండు చక్రాలకు ఉద్దేశపూర్వకంగా వేర్వేరు బ్రేకు బలం వచ్చేలా చేసే ఏ అమరికా చెల్లదన్నది దాని సారాంశం. 2026 నియమాల్లో రావలసిన మాట అది, ముందే వచ్చి కూర్చుంది. వెంటనే అందరి వేళ్లూ రెడ్ బుల్ వైపు తిరిగాయి. మార్చి 24న మెల్‌బోర్న్‌లో వెర్‌స్టాపెన్ కారు కుడి వెనక బ్రేకు పట్టేసి, పొగలు కక్కి, నాలుగు ల్యాపులు పూర్తికాకుండానే ఆగిపోయింది కదా! ఒక్క వెనక చక్రమే ఎందుకు కాలింది? ఆ పరికరం మొరాయించడం వల్లే అయి ఉంటుంది. ఆ తర్వాత ఎఫ్‌ఐఏ గుట్టుగా తీసేయించి ఉంటుంది. అప్పటి నుంచే కారు మలుపులు తిరగనంటోంది. ఈ కథలో నేరస్థుడు ఉన్నాడు, సాక్ష్యం ఉంది, శిక్ష ఉంది. ఇంతకన్నా ఏం కావాలి?

కావలసింది క్యాలెండరు. మెల్‌బోర్న్ తర్వాత తీసేశారనుకుందాం. మరి ఆ వెంటనే ఏప్రిల్ 7న జపాన్‌లో రెడ్ బుల్ కార్లు మొదటి రెండు స్థానాల్లో ఎలా వచ్చాయి? ఏప్రిల్ 21న చైనాలో 13 సెకన్లకు పైగా ఆధిక్యంతో వెర్‌స్టాపెన్ ఎలా గెలిచాడు? పోనీ, చైనాకూ మయామీకీ మధ్య తీశారనుకుందాం. మయామీలోనూ, ఆ తర్వాత ఇమోలాలోనూ అర్హత పోటీలో, అంటే రేసులో ఎవరు ముందు నిలబడాలో తేల్చే పోటీలో, అతనే మొదటివాడు. పోనీ, నియమం మారిన వేసవిలోనే తీశారనుకుందాం. అప్పటికే మే 26న మొనాకోలో ఆరో స్థానం, జులై 21న హంగేరీలో అయిదో స్థానం వచ్చేశాయి. జబ్బు ముందు వచ్చి కారణం తర్వాత రాదు కదా. ఏ జట్టూ అలాంటి అమరిక వాడినట్టు తమ దగ్గర ఆధారం లేదని ఎఫ్‌ఐఏ చెప్పింది. ఎఫ్‌ఐఏ మాటను నమ్మకపోయినా ఫర్వాలేదు. తేదీలతో మాత్రం వాదించలేం.

అక్టోబరులో అమెరికా రేసు ముందు ఇంకో పరికరం వార్తల్లోకి వచ్చింది. కారు అడుగుభాగంలో ముందు అంచు ఎత్తును సవరించే సాధనం రెడ్ బుల్ కాక్‌పిట్‌లోనే ఉంది. అర్హత పోటీకీ రేసుకూ మధ్య కారు ఎత్తును ముట్టుకోకూడదు. ఆ సాధనం ఉన్నమాట నిజమేననీ, భాగాలన్నీ బిగించాక అది చేతికి అందదనీ జట్టు చెప్పింది. ఎఫ్‌ఐఏ దానికి సీలు వేసే ఏర్పాటు చేసింది. ఆ వారాంతంలోనే జరిగిన పొట్టి రేసును వెర్‌స్టాపెన్ గెలిచాడు. ఈ అనుమానం గురించి ఇంతకన్నా చెప్పుకోవడానికి ఏమీ లేదు.

రెండో పెద్ద కథ ఏడ్రియన్ న్యూయీది. మన దేశంలో ఫార్ములా వన్ రేసులు 2011 నుంచి 2013 దాకా మూడే జరిగాయి. నోయిడా దగ్గరి బుద్ధ్ సర్క్యూట్‌లో మూడింటినీ రెడ్ బుల్ డ్రైవర్ సెబాస్టియన్ వెటెలే గెలిచాడు. ఆ కార్ల రూపశిల్పి న్యూయీ. గాలిని కంటితో చూడగలడని పేరున్న మనిషి. రెడ్ బుల్‌ను వీడుతున్నట్టు 2024 మే 1న ప్రకటన వచ్చింది. నాలుగు రోజుల తర్వాత మయామీలో నోరిస్ తన తొలి విజయం సాధించాడు. గుడి పూజారి వెళ్లిపోగానే దీపం కొండెక్కినట్టు ఎంత చక్కగా అతికిందో చూడండి.

ఒక డిజైనర్ రాజీనామా చేసినంత మాత్రాన కారు బరువు పెరగదు, ఆకారం మారదు. ఈ రోజు ట్రాక్ మీద తిరిగే భాగాల పని నెలల కిందటే మొదలై ఉంటుంది. ఆ మాటకొస్తే న్యూయీ అప్పటికే రోజువారీ రేసు కారు పనికి కొంత దూరంగా, ఆర్‌బీ17 అనే హైపర్‌కార్ మీద ఎక్కువగా ఉన్నాడు. కాబట్టి ‘న్యూయీ వెళ్లాడు, కారు పోయింది’ అన్నది అతి సులువైన లెక్క. అయితే ఈ కథను బ్రేకుల కథలాగా పూర్తిగా చెత్తబుట్టలో వేయలేం. 2023 చివరి దశ నుంచే కారు నడపడం కష్టమవుతూ వచ్చిందనీ, అది తనను కలవరపెట్టినా జట్టులో మిగతావాళ్లు అంతగా పట్టించుకోలేదనీ, అనుభవం చాలక అదే దారిలో ముందుకు పోయారనీ న్యూయీ తర్వాత ఒక జర్మన్ పత్రికతో చెప్పాడు. వెళ్లిపోయినవాడి మాట కనుక కొంత తగ్గించుకుని వినాలి. అయినా అందులో ఒక విలువైన తేదీ ఉంది: 2023 చివర. అంటే బహ్రెయిన్‌లో 22 సెకన్లతో గెలవడానికి ముందే!

ఆ తేదీని పట్టుకుని వెనక్కి వెళితే మనకు రెండో రెడ్ బుల్ డ్రైవర్ సెర్జియో పెరెజ్ కనిపిస్తాడు. నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో అసలు సాక్షి అతనే, కానీ అతన్ని ఎవరూ బోనులోకి పిలవలేదు. 2024లో తొలి అయిదు రేసుల్లో నాలుగు సార్లు మొదటి ముగ్గురిలో నిలిచి 85 పాయింట్లు తెచ్చాడు. జట్టు సంతోషించి జూన్ ఆరంభంలో ఒప్పందం కూడా పొడిగించింది. మిగతా 19 రేసుల్లో అతను తెచ్చినవి 67 పాయింట్లు. మొత్తం 152. ఎనిమిదో స్థానం. పెరెజ్ మనసు చెదిరిందన్నారు, వయసు మీద పడిందన్నారు, ఉద్యోగ భయమన్నారు. ఇవన్నీ కొంత నిజమే కావచ్చు.

కానీ బావిలో నీటిమట్టం తగ్గుతోందని ముందు తెలిసేది పొట్టి తాడున్న బొక్కెనకే. పొడుగు తాడువాడికి నీళ్లు అందుతూనే ఉంటాయి, బావికి ఏమైందని అతనికి అనుమానమే రాదు. వెర్‌స్టాపెన్ తాడు చాలా పొడుగు. ముందు చక్రాలు చటుక్కున తిరిగి, వెనక భాగం ఊగిసలాడే కారును కూడా అదుపులో పెట్టి వేగం రాబట్టగల అరుదైన డ్రైవర్ అతను. అలాంటి కారంటే అతనికి ఇష్టం కూడా. రెడ్ బుల్ ఇంజనీర్లు ప్రతి మార్పునూ గడియారంతో కొలిచారు. వెర్‌స్టాపెన్ చేతిలో గడియారం మంచి మాటే చెప్పింది. కాబట్టి అదే దిశలో ఇంకో అడుగు వేశారు. పెరెజ్ మొదటి అడుగుకే జారాడు. అతను జారితే తప్పు అతనిదే అనుకున్నారు. నిజానికి 2023లో కూడా అతని తీరు ఇదే: ఆరంభంలో రెండు విజయాలు, తర్వాత జారుడు. ఆ ఏడాది మధ్యలో తెచ్చిన మార్పులతోనే కారు నడక తేడాపడడం మొదలైందని రెడ్ బుల్ అధిపతి క్రిస్టియన్ హార్నర్ తర్వాత ఒప్పుకున్నాడు.

ఇక అసలు జబ్బు సంగతి. 2022 నుంచి 2025 దాకా ఫార్ములా వన్ కార్లకు నేలను కరచుకునే బలం ఎక్కువగా అడుగుభాగం నుంచే వచ్చేది. కారు కింద రెండు సొరంగాల్లాంటి వంపులు ఉండేవి. వాటి గుండా గాలి ఇరుకున పడి వేగంగా పోతే అక్కడ పీడనం పడిపోతుంది. పైనున్న గాలి కారును కిందికి అదుముతుంది. ఇదే డౌన్‌ఫోర్స్. నేలకు ఎంత దగ్గరగా ఉంటే అదుము అంత ఎక్కువ, కానీ మరీ దగ్గరైతే గాలి దారి మూసుకుపోయి, అదుము చటుక్కున తెగి, కారు ఎగిరెగిరి పడుతుంది. ఈ రెండింటి మధ్య కొన్ని మిల్లీమీటర్ల సందు ఉంటుంది. ఆట అంతా ఆ సందులోనే.

మొత్తం అదుము ఎంత అన్నది ఒక ప్రశ్న. అది ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ ఏ పాళ్లలో పంచబడుతోంది, ఆ పాలు బ్రేకు వేసినప్పుడు, మలుపు మధ్యలో, మళ్లీ వేగం పెంచినప్పుడు ఎలా మారుతోంది అన్నది దానికన్నా పెద్ద ప్రశ్న. 2024 రెడ్ బుల్‌లో ముందుకూ వెనక్కూ పొత్తు కుదరలేదు. మలుపులోకి దిగేటప్పుడు ఒకలా, మధ్యలో ఇంకోలా ప్రవర్తించేది. ఒకటి సరిచేస్తే రెండోది చెడేది. సెప్టెంబరు 1న మోంజాలో గెలిచిన ఫెరారీకి దాదాపు 38 సెకన్లు వెనక, ఆరో స్థానంలో వచ్చిన వెర్‌స్టాపెన్ ఆ కారును రాకాసి అన్నాడు. అంతకు ముందు ఏడాది ఇదే ట్రాక్ మీద అతను వరసగా పదో విజయం సాధించి రికార్డు నెలకొల్పాడు.

అయితే ప్రపంచంలోని మేటి ఇంజనీర్లు అంతమంది ఉండి ఈ తేడాను ముందే ఎందుకు పట్టలేకపోయారు? ఎందుకంటే వాళ్ల తూకంరాళ్లే తేడాగా ఉన్నాయి. కొత్త భాగాన్ని ముందు కంప్యూటర్‌లో పరీక్షిస్తారు, తర్వాత నమూనా చేసి విండ్ టన్నెల్‌లో గాలి ఊదుతారు. నియమాల ప్రకారం ఆ నమూనా అసలు కారులో 60 శాతానికి మించకూడదు, గాలి వేగం సెకనుకు 50 మీటర్లు దాటకూడదు. అక్కడ బాగుందనిపిస్తే పూర్తి సైజులో చేసి ట్రాక్‌కు తెస్తారు. టన్నెల్‌లో కనిపించిన లాభం ట్రాక్ మీద కూడా కనిపించాలి. కనిపించకపోతే దాన్ని ఈ రంగంలోవాళ్లు కోరిలేషన్ సమస్య అంటారు. ఫార్ములా వన్‌లో ఇంతకన్నా భయంకరమైన మాట లేదు. బట్టల కొట్టులో గజంబద్ద అరంగుళం తక్కువైతే ఎంత మంచి దర్జీ కుట్టినా చొక్కా పట్టదు. పైగా దర్జీ తన కత్తెరనూ, సూదినీ, చివరికి తొడుక్కున్నవాడి పొట్టనూ అనుమానిస్తాడు గానీ గజంబద్దను అనుమానించడు.

రెడ్ బుల్ గజంబద్ద అప్పట్లో ఇంగ్లండ్‌లోని బెడ్‌ఫోర్డ్‌లో ఉండేది. విమానాల పరిశోధన కోసం గత శతాబ్దం మధ్యలో కట్టిన పాత టన్నెల్ అది. దాన్ని హార్నరే ప్రచ్ఛన్న యుద్ధ కాలపు అవశేషం అనేవాడు. బయటి వాతావరణాన్ని బట్టి లోపలి గాలి ఉష్ణోగ్రత మారుతుంది కాబట్టి ఈ రోజు కొలతనూ రేపటి కొలతనూ పోల్చడం కష్టం. కారు నాసిగా ఉన్న రోజుల్లో ఇది పెద్ద సమస్య కాదు, ఎందుకంటే అప్పుడు వెతికే లాభాలు పెద్దవి. శిఖరం దగ్గరికి వచ్చినకొద్దీ మిగిలిన లాభాలు చిన్నవవుతాయి. కొలతలో తప్పు, వెతికే లాభమంత అయినప్పుడు ఇంజనీరు కళ్లకు గంతలు కట్టినట్టే. టన్నెల్ ఒకటి చెబుతోంది, ట్రాక్ ఇంకొకటి చెబుతోందని మోంజా తర్వాత జట్టు బాహాటంగానే ఒప్పుకుంది. కొత్త టన్నెల్ మిల్టన్ కీన్స్‌లో కట్టడం మొదలుపెట్టారు గానీ ఆ కష్టకాలానికి అది అక్కరకు రాలేదు.

మెక్‌లారెన్ సంగతి చూడండి. 2010 నుంచి ఆ జట్టు జర్మనీలోని కొలోన్‌లో టొయోటా టన్నెల్‌ను అద్దెకు వాడుకునేది. 2023 మధ్యలో వోకింగ్‌లోని తన సొంత కొత్త టన్నెల్‌ను పనిలోకి తెచ్చింది. ఏడాది తిరగకుండా మయామీకి తెచ్చిన భారీ మార్పుల మూట నేరుగా పనిచేసింది. తెచ్చిన భాగం అనుకున్నట్టే పనిచేయడం ఈ క్రీడలో ఎంత అరుదో అభిమానులకు తెలుసు. దానికి తోడు 17 ఏళ్లు రెడ్ బుల్‌లో పనిచేసిన రాబ్ మార్షల్ 2024 జనవరి నుంచి మెక్‌లారెన్‌లో ఉన్నాడు. న్యూయీ నిష్క్రమణకు వచ్చిన పతాక శీర్షికల్లో పదోవంతు కూడా ఆయనకు రాలేదు.

నియమాల వాటా కూడా ఉంది. గెలిచిన జట్టుకు టన్నెల్ సమయం తక్కువ, ఓడిన జట్టుకు ఎక్కువ. నిర్ణీత వ్యవధిలో ప్రాతిపదిక 320 పరుగులు, అంటే టన్నెల్‌లో గాలి ఊది చూసే విడతలు. 2023 విజేత రెడ్ బుల్‌కు 2024 తొలి సగంలో అందులో 70 శాతం, అంటే 224. నాలుగో స్థానంలో నిలిచిన మెక్‌లారెన్‌కు 85 శాతం, అంటే 272. దీనికి ముందు, 2021లో ఖర్చు పరిమితి దాటినందుకు రెడ్ బుల్‌కు 70 లక్షల డాలర్ల జరిమానాతో పాటు ఏడాది పాటు పరీక్షల్లో 10 శాతం కోత పడింది. ఆ ఏడాది 2023 అక్టోబరులో ముగిసింది. అంటే 2024 కారు పుట్టుక ఆ కోత కాలంలోనే జరిగింది. ఉన్న కొద్ది పరుగులూ తూకం తప్పిన టన్నెల్‌లో పోయాయి.

వంగే రెక్కల మాట కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే ఈసారి అనుమానించినది రెడ్ బుల్ శిబిరం. కారు ముందు రెక్క నెమ్మది మలుపుల్లో నిటారుగా నిలిచి ముందు చక్రాలకు పట్టు ఇవ్వాలి. వేగం పెరిగినకొద్దీ గాలికి కొద్దిగా వంగి ఆ పట్టు తగ్గిస్తే వెనక భాగం కుదురుగా ఉంటుంది. అంటే రెడ్ బుల్‌ను వేధిస్తున్న సమతుల్యత సమస్యకు ఇదే మందు. మెక్‌లారెన్, మెర్సిడెస్ ఈ విద్యలో ఆరితేరాయి. ఎఫ్‌ఐఏ నిలబెట్టి చేసే బరువు పరీక్షల్లో ఆ రెక్కలన్నీ నెగ్గాయి. కాబట్టి అవి నిబంధనల ప్రకారం సక్రమమే. బాకూలో మెక్‌లారెన్ వెనక రెక్క పైపలక వేగంలో అంచు పైకి లేవడం కెమెరాకు చిక్కినప్పుడు మాత్రం ఆ జట్టు దాన్ని మార్చడానికి ఒప్పుకుంది. 2025 జూన్‌లో స్పెయిన్ రేసు నుంచి ముందు రెక్క వంపు పరిమితిని 15 మిల్లీమీటర్ల నుంచి 10కి తగ్గించారు. మెక్‌లారెన్ కుప్పకూలుతుందని ఎదురుచూశారు. ఆ రేసులో మొదటి రెండు స్థానాలూ మెక్‌లారెన్‌వే. ఇక టైర్లలో నీళ్ల ఆరోపణకైతే ఆధారమే దొరకలేదు. 2025లో మయామీకి మెక్‌లారెన్ అధిపతి జాక్ బ్రౌన్ ‘టైరు నీళ్లు’ అని పేరు రాసిన సీసాతో వచ్చి తాగి చూపించాడు. ఈ క్రీడలో హాస్యం అప్పుడప్పుడైనా ఉందని సంతోషం.

ఇప్పుడు మొదటి ప్రశ్నలోని ‘హఠాత్తుగా’ అన్న మాటను తిరిగి చూడాలి. బహ్రెయిన్‌లో 22 సెకన్లు. చైనాలో 13. మే 19న ఇమోలాలో 0.725. జూన్ 8న కెనడాలో అర్హత పోటీలో మెర్సిడెస్ జార్జ్ రసెల్‌తో సెకనులో వెయ్యోవంతు కూడా తేడా లేకుండా సమానం. స్పెయిన్‌లో గెలుపు తేడా రెండు సెకన్ల పైచిలుకు. ఈ వరసలో ఓటమి ఎక్కడా లేదు, కానీ దిగుడుమెట్లు స్పష్టంగా ఉన్నాయి. గెలుపుకు తేడా 22 సెకన్లయినా, సెకనులో ముప్పావయినా వచ్చేవి అవే 25 పాయింట్లు. పట్టిక చూసేవాడికి ఈ జారుడు కనపడదు. ఓటమి మొదలయ్యాకే కనపడుతుంది, అప్పుడది హఠాత్తు అనిపిస్తుంది. ఆస్ట్రియాలో మాత్రం ఈ మెట్లకు ఎదురెక్కినట్టు వెర్‌స్టాపెన్ సెకనులో పదింట నాలుగు వంతుల తేడాతో అర్హత పోటీ గెలిచాడు. ఒక ట్రాక్‌కు కుదిరిన కారు ఇంకో ట్రాక్‌కు కుదరకపోవడమే ఆ కారు లక్షణం, పరికరం తీసేస్తే వచ్చే పతనం అలా ట్రాక్‌ను బట్టి మారదు. వాన పడితే ఇంకో రకం: బ్రెజిల్‌లో 17వ స్థానం నుంచి బయలుదేరి 19 సెకన్లతో గెలిచాడు. తడి దారి మీద టన్నెల్ లెక్కల కన్నా చేతుల్లోని పనితనానికే ఎక్కువ విలువ.

ఇది రెడ్ బుల్ ఒక్కదానికే వచ్చిన జబ్బు కూడా కాదు. 2023లో ఆస్టన్ మార్టిన్ తరఫున ఫెర్నాండో అలోన్సో తొలి ఎనిమిది రేసుల్లో ఆరు సార్లు మొదటి ముగ్గురిలో నిలిచాడు. తర్వాత కొత్త భాగాలు వచ్చాయి, వేగం పోయింది. అప్పుడూ వంగే రెక్కలను ఎఫ్‌ఐఏ పట్టుకుందన్న కథే నడిచింది. జట్టు మాత్రం పాత భాగాలూ కొత్త భాగాలూ మార్చి మార్చి బిగించి, ఎక్కడ దారి తప్పామో వెతుక్కుంటూ శరదృతువంతా గడిపింది.

2025 జులైలో హార్నర్‌ను రెడ్ బుల్ తప్పించింది. ఆయన స్థానంలో ఇంజనీరుగా ఎదిగిన లోరాన్ మెకీస్ వచ్చాడు. అదే ఏడాది సెప్టెంబరులో మోంజాలో, అంతకు ముందు ఏడాది రాకాసి అని తిట్టిన చోటే, కొత్త అడుగుభాగం బిగించిన కారుతో వెర్‌స్టాపెన్ 19 సెకన్ల తేడాతో గెలిచాడు. అప్పటిదాకా కారు సెటప్‌ను ఒక కొస నుంచి ఇంకో కొసకు మారుస్తూ గుడ్డిగా బాణాలు వేశామనీ, మెకీస్ వచ్చాక ఇంజనీర్లను సరైన ప్రశ్నలు అడుగుతున్నాడనీ అతను ఆ రోజు చెప్పాడు. ఆగస్టు చివర ఆధిక్యంలో ఉన్న ఆస్కార్ పియాస్ట్రీకి 104 పాయింట్లు వెనకబడి ఉన్నవాడు, చివరికి టైటిల్‌ను నోరిస్‌కు రెండే పాయింట్ల తేడాతో కోల్పోయాడు. రెండో కారులో మాత్రం పెరెజ్ స్థానంలో వచ్చిన లియామ్ లాసన్‌ను రెండు రేసులకే మార్చేశారు. అతని తర్వాత వచ్చిన యూకీ సునోడాకూ అందులో నీళ్లు అందలేదు.